బల్ల మీద బొగ్గుబండి: చౌకలో చేసుకునే పక్కా పద్ధతి

ఇంట్లో ఓ బల్ల, బల్ల లేకపోతే పాత తలుపు, జేబులో కాస్త డబ్బు, మనసులో బోలెడంత ధైర్యం. సింగరేణి బొగ్గుబండి మీ హాల్లో తిరగడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఈ విషయంలో ఇప్పటిదాకా సలహాలిచ్చినవాళ్ళంతా ఒట్టి చాదస్తులు. ముందు ఒక ఊరు ఎంచుకోమంటారు. తర్వాత ఒక ఏడాది ఎంచుకోమంటారు. ఆ ఊరి మీదుగా ఆ ఏడాది ఏ ఇంజిన్ వెళ్ళిందో, దాని వెనక ఏ వ్యాగన్లు ఉన్నాయో పాత ఫోటోలు తిరగేసి చూడమంటారు. అన్నీ తేలాక, అప్పుడు మాత్రమే, దుకాణానికి వెళ్ళమంటారు. ఇలాగైతే దసరా బోనస్ సంక్రాంతికి కూడా ఖర్చు కాదు. ఆ తంటాలేవీ లేని పద్ధతి కింద చెబుతున్నాను. పాటించినవాళ్ళకు ఫలితం ఖాయం.

ఏడాది జోలికి పోవద్దు

"ఇది ఏ కాలం బండి అండీ?" అని ఎవరైనా అడిగితే "పాతకాలం" అనండి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పొద్దు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టింది 1871లో. తవ్వకం మొదలైంది 1889లో. సింగరేణి కాలరీస్ అన్న పేరు కంపెనీకి వచ్చింది 1920లో. బొగ్గు బాయిలు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. ఇంత పొడుగు చరిత్రలో మీ బండికి ఏ మూలో చోటు దొరక్కపోతుందా?

నా సిఫారసు ఇది. ముందు పొగ కక్కే డబ్ల్యూజీ ఆవిరి ఇంజిన్ పెట్టండి. దాని వెనక బాక్స్‌ఎన్ వ్యాగన్లు తగిలించండి. చివర నుంచి నెట్టడానికి వ్యాగ్-9 ఎలక్ట్రిక్ ఇంజిన్ పెట్టండి. తాత, తండ్రి, మనవడు ఒకే ఫోటోలో ఉన్నట్టు నిండుగా ఉంటుంది. చాదస్తులు వెంటనే పంచాంగం విప్పుతారు. డబ్ల్యూజీలు చిత్తరంజన్‌లో తయారవడం 1950లో మొదలై 1970లో ఆగిపోయిందంటారు. బాక్స్‌ఎన్ పట్టాలెక్కింది 1980లలో అంటారు. వ్యాగ్-9 అయితే 1996లో గానీ విదేశం నుంచి మన గడ్డ మీద దిగలేదంటారు. అక్కడితో ఆగరు. ఆవిరి ఇంజిన్ వెనక బండికి వాక్యూమ్ బ్రేకు, బాక్స్‌ఎన్‌కి ఎయిర్ బ్రేకు, ఒకదాని గొట్టం ఇంకోదానికి తగిలించినా బ్రేకు పడదు కాబట్టి ఈ జత లోకంలో ఎక్కడా నడవలేదంటారు. ఆ గొట్టం మీ బల్ల మీద మిల్లీమీటరు మందం కూడా ఉండదు. పైగా మీ బండికి బ్రేకు వేసేది మీ చూపుడు వేలు. వేలికి వాక్యూమేమిటి, ఎయిరేమిటి?

వాళ్ళ కాలవిభజన ఎలా ఉంటుందో ఒకసారి వినండి, సరదాగా ఉంటుంది. అరవైలు, డెబ్భైలు కావాలంటే డబ్ల్యూజీ ఇంజిను, నాలుగు చక్రాల చిన్న ఓపెన్ వ్యాగన్లు, వాటి మధ్య అక్కడక్కడా పొడుగాటి బాక్స్ వ్యాగన్లు. కాస్త ముందుకొస్తే ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఆల్కో డీజిల్, అంటే డబ్ల్యూడీఎం-2. ఈ డీజిల్ 1962లో దిగి దశాబ్దాలు బతికింది కాబట్టి డబ్బు తక్కువున్నవాళ్ళకు ఇదే దిక్కట. దీని వెనక బాక్స్ పెట్టినా తప్పు లేదు, బాక్స్‌ఎన్ పెట్టినా తప్పు లేదు. 1984 దాటితే వ్యాగ్-5 ఎలక్ట్రిక్. 1992 దాటితే వ్యాగ్-7. ఇలా దశాబ్దానికో గీత గీసి ఏదో ఒక గళ్ళో కూర్చోమంటారు. కూర్చుంటే ఏమవుతుందట? ఉదాహరణకు 1988 అని తేల్చుకున్నవాడికి ఒక ఇంజిను, డజను వ్యాగన్లు, ఒక గార్డు డబ్బా చాలట. దుకాణంలో మిగతావి ఎంత మెరిసినా "నా ఏడాదికి ఇది పుట్టలేదు" అనుకుని బయటికొచ్చేస్తాడట. డబ్బు ఆదా అయ్యేది ఇక్కడేనట. దుకాణం వాళ్ళ పొట్ట కొట్టే మాట ఇది. మీరు మాత్రం ఏడాది తేల్చుకోకండి. కంటపడిన ప్రతిదీ మీకు అవసరమే.

ఇంజిన్ మొదట, మిగతావి దేవుడెరుగు

చేతిలో ఉన్న డబ్బులో నూటికి తొంభై వంతులు ఇంజిన్ మీద పెట్టండి. కూత వినపడాలి, హెడ్‌లైటు వెలగాలి, వీలైతే పొగ రావాలి. వ్యాగన్లకు మిగిలేది బస్సు ఛార్జీ. అదే మంచిది. బొగ్గుబండి చూసేవాడు ఇంజినే చూస్తాడు, వెనక వరసగా పోయే యాభై డబ్బాలను ఎవడు చూస్తాడు? రైలు గేటు దగ్గర బండి వెళ్ళేదాకా నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టిన పిల్లలంతా ఏమయ్యారో నాకు తెలియదు, బహుశా ఆ అలవాటు మానుకుని ఉంటారు.

ఇంజిన్ కొనడానికి మంచి మార్గం, డల్లాస్ నుంచి సెలవులకొచ్చే బావమరిది. ఏది కావాలో ఆయనకు వివరంగా చెప్పొద్దు. "రైలు సెట్టు" అనండి, చాలు. ఆయన పిల్లల బొమ్మల దుకాణంలోకి వెళ్ళి, డిస్కౌంటులో ఉన్న పెట్టె పట్టుకొస్తాడు. అందులో ఎర్రగా, వెండిగా మెరిసే అమెరికా ఇంజిను, దాని వెనక రెండు చివర్లూ లోపలికి వాలుగా దిగే నల్లటి హాపర్ వ్యాగన్లు ఉంటాయి. వాటి మీద చెసపీక్ అండ్ ఒహాయో అని పెద్ద అక్షరాలుంటే భయపడకండి. ఆ అక్షరాల మీద "ద.మ." అని తెల్ల స్టిక్కరు అంటించండి. వెస్ట్ వర్జీనియా కొండల్లో బొగ్గు మోసిన బండి క్షణంలో దక్షిణ మధ్య రైల్వేకి బదిలీ అవుతుంది. బాక్స్‌ఎన్ అడుగు చదునుగా ఉంటుంది, రెండు చివర్లూ నిట్టనిలువుగా ఉంటాయి, ఈ హాపర్లకు దానికీ పోలికే లేదని ఎవరైనా అంటే స్టిక్కరు చూపించండి.

పెట్టెలో కరెంటు అడాప్టర్ కూడా ఉంటుంది. అది అమెరికాది, 110 వోల్టులది. మన గోడకు 230. అడ్డు చెప్పకుండా గుచ్చండి. ఇంజిన్‌కి లేని పొగ అడాప్టర్ నుంచి వస్తుంది.

ఇక్కడ చాదస్తులు చెప్పేదాంట్లో ఒక్క ముక్క నాకు కూడా కాస్త నచ్చింది, అందుకే మీకు పనికిరాదు. బాక్స్‌ఎన్ కింద ఉండే క్యాస్‌నబ్ బోగీ మూడు ఉక్కు ముక్కలుగా పోతపోసినది. అమెరికా గూడ్సు వ్యాగన్ల కింద ఉండేదీ ఆ జాతిదే. కాబట్టి పైన ఏ వ్యాగన్ ఉన్నా సరే, విరిగిన అమెరికా బొమ్మల కింది చక్రాల చట్రాలు కారుచౌకగా కొని, పైన సొంతంగా డబ్బా కట్టుకోమంటారు. మన వ్యాగన్ చక్రం వ్యాసం 1000 మిల్లీమీటర్లు, 87వ వంతు బొమ్మ కొలతలో 11 మిల్లీమీటర్ల చిల్లర. అమెరికాలో పెద్ద వ్యాగన్ల 36 అంగుళాల చక్రం పదిన్నర. మిల్లీమీటరు తేడా కంటికి ఆనదంటారు. కప్లింగుకీ అదే మాట. బాక్స్‌ఎన్‌కి పక్క బఫర్లు ఉండవు, మధ్యలో పిడికిలిలా పట్టుకునే ఒకే కప్లర్ ఉంటుంది కాబట్టి అమెరికా కేడీ కప్లింగులు ఇట్టే సరిపోతాయంటారు. మీరు యూరప్ నుంచి వచ్చే పెద్ద కొక్కెం, లూపు ఉన్నవే వాడండి. వ్యాగన్‌కీ వ్యాగన్‌కీ మధ్య మనిషి నడిచి వెళ్ళేంత ఖాళీ వస్తుంది, గాలి బాగా ఆడుతుంది.

పట్టాల దగ్గర మాత్రం రాజీ లేదు

ఇంతవరకు ఉదారంగా ఉన్నాను. ఇక్కడ మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గొద్దు. మన బ్రాడ్‌గేజీ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ అనే కొలతలో, అంటే 87వ వంతులో, అది 19.26 మిల్లీమీటర్లు కావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య ఉండేది 16.5. విదేశాల్లోని 1435 మిల్లీమీటర్ల లైనుకు అది సరిగ్గా సరిపోతుంది, మన లైనుకు కాదు. అంటే మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా దేశద్రోహం జరుగుతోందన్నమాట.

ప్రపంచంలో తయారయ్యే చక్రాలూ ఇంజిన్లూ అన్నీ 16.5కే వస్తాయి, మన దేశపు బండ్లు చేసుకునేవాళ్ళు చాలామంది ఆ తేడా మింగేసి మిగతాది చక్కగా చేసుకుంటున్నారు, పక్క నుంచి చూసేవాడికి అది తెలియనే తెలియదు అంటారు చాదస్తులు. వినకండి. ఒక్కో స్లీపరు చేత్తో కోసి, పట్టా సొంతంగా పరిచి, ప్రతి ఇరుసూ విప్పి పొడిగించి, గేర్లు మార్చి, 19.26 సాధించండి. కొన్నేళ్ళు పట్టొచ్చు. ఆ ఏళ్ళలో బండి నడవదు కాబట్టి పాడవదు. బండి కింద ఎవరూ చూడని చోట శాస్త్రం, బండి పైన అందరూ చూసే చోట స్టిక్కరు: ఖర్చుల పంపకం అంటే ఇదీ.

రేక్ పూర్తిగా ఉండాలి

బాక్స్‌ఎన్ రేక్ అంటే 58 వ్యాగన్లు, చివర గార్డు డబ్బా. ఆ అంకె ఎవరో సరదాకి పెట్టింది కాదు. స్టేషన్లలో లూప్ లైను మీద బండి నిలబడటానికి ఉండే చోటు 686 మీటర్లు. పాత బాక్స్ వ్యాగన్ పొడవు 13.7 మీటర్లు. దాన్ని పొట్టి చేసి, ఎత్తు పెంచి, 10.7 మీటర్లకు కుదిస్తే అదే లూపులో ఎక్కువ వ్యాగన్లు, ఎక్కువ బొగ్గు పడుతుంది. బాక్స్‌ఎన్ పుట్టుక వెనక ఉన్న లెక్క అదే. ఒక్కోదాంట్లో 58 టన్నులు. వ్యాగన్ల సొంత బరువు కలిపితే రేక్ మొత్తం 4,700 టన్నుల పైమాట.

మీకూ 58 కావాలి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోవద్దు. హెచ్‌ఓలో ఒక్కో బాక్స్‌ఎన్ 123 మిల్లీమీటర్లు. యాభై ఎనిమిదింటికి ఏడు మీటర్ల పైన. మీ దగ్గరున్నది ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు. దాని పొడుగునా, రెండు చివర్లా 18 అంగుళాల వంపుతో, కోలగా పట్టా వేస్తే చుట్టుకొలత ఐదున్నర, ఆరు మీటర్ల మధ్య వస్తుంది. అంటే బండి పట్టా కంటే మీటరుకు పైగా పొడుగు. ఏం ఫర్వాలేదు. ఇంజిన్ తన గార్డు డబ్బానే తాను ఢీకొడుతుంది, గార్డు డ్రైవర్ ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. వాకీటాకీ ఖర్చు కలిసొస్తుంది.

పన్నెండో పదిహేనో వ్యాగన్లు పెట్టి, పట్టాలో సగాన్ని గట్టు వెనకకో సొరంగంలోకో మళ్ళిస్తే, బండి తోక ఎప్పుడూ కనపడదు కాబట్టి చూసేవాడి కన్ను దాన్ని పొడుగ్గానే ఊహించుకుంటుందని ఒక వాదం ఉంది. చూసేవాళ్ళ కన్ను మీద అంత నమ్మకం పెట్టుకునే మనుషులతో వాదించి లాభం లేదు.

డబ్బాలు కట్టడం

యాభై ఎనిమిది కొనలేరు కాబట్టి కట్టుకోవాలి. బాక్స్‌ఎన్ అంటే మూత లేని పెట్టె, నిలువు పట్టీలు, అంతే. ఇంతకంటే తేలిక వ్యాగన్ రైల్వేలో లేదు. నా సలహా సన్‌బోర్డు, అదీ మూడు మిల్లీమీటర్లది. స్టేషనరీ దుకాణంలో దొరుకుతుంది, బ్లేడుతో తెగుతుంది. మూడు మిల్లీమీటర్లు అంటే అసలు కొలతలో 26 సెంటీమీటర్లు. నిజం వ్యాగన్ పక్కగోడ ఒక ఉక్కు రేకు. మీది గోల్కొండ కోట ప్రాకారం. ఫిరంగులు పేలినా బొగ్గు చెక్కుచెదరదు.

కొంతమంది పీనాసులు పాత శుభలేఖలు పోగేస్తారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇంటికొచ్చే ఆ దళసరి కార్డుల్ని చిత్రంగా వాడతారు. లోపల ఒక పొర, బయట ఒక పొర అంటించి, అంచు మాత్రం ఒకే పొర కనపడేలా కోస్తారు. నిలువు పట్టీలకు అదే కార్డు సన్నగా చీలుస్తారు. చమ్కీ ఉన్న వైపు లోపలికి తిప్పి అంటించి, పైన ప్రైమరు కొట్టాక అది అట్ట అని మీరు తాకితే గానీ తెలియదు. కాకపోతే వినాయకుడి బొమ్మ ఉన్న చోట కత్తెర పెట్టడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఆ ఒక్క కారణం చాలు, ఈ పద్ధతి వదిలేయడానికి.

రంగు నలుపు కొట్టండి. బొగ్గుబండి కదా. నిజానికి అది ఇటుకరంగు ఆక్సైడ్ ఎరుపు, వాడేకొద్దీ మట్టిగోధుమ రంగుకు తిరుగుతుంది, పైఅంచుల్లోనూ మూలల్లోనూ మాత్రమే మసి చేరుతుంది, ఖాళీ వ్యాగన్ లోపల చూస్తే నలుపు కంటే తుప్పే ఎక్కువ, అడుగున చక్రాల దగ్గర దారి దుమ్ము బూడిదరంగులో పేరుకుంటుంది, వర్షాలకు పక్కల మీద చారలు దిగుతాయి: ఇవన్నీ రామగుండం ప్లాట్‌ఫారం మీద ఓ గంట నిలబడితే కనపడే సంగతులు. నిలబడొద్దు. ఎండగా ఉంటుంది.

నంబర్లు మీరు జెరాక్స్ తీయించేయండి. ఒకటే నంబరు, 58 కాపీలు. పదకొండు అంకెల కొత్త పద్ధతి నంబరు వేస్తే గంభీరంగా ఉంటుంది. అందులో ఐదో అంకె, ఆరో అంకె వ్యాగన్ తయారైన ఏడాదిని చెబుతాయట. కానివ్వండి. అక్కడ 11 వేస్తే డబ్ల్యూజీ లాక్కెళ్ళే వ్యాగన్ 2011లో పుట్టిందని ఆ నంబరే చాటుకుంటుంది కానీ చదివేవాడు ఉండాలి కదా. అన్నిటి మీదా ఒకే రైల్వే పేరు వేయండి. దేశంలో వ్యాగన్లన్నీ ఉమ్మడిగా తిరుగుతాయి, బెల్లంపల్లి దగ్గర నిలబడ్డ రేక్‌లో తూర్పు, ఆగ్నేయ, పశ్చిమ అన్ని రైల్వేల అక్షరాలూ కలగలిసి ఉంటాయి, కొన్ని ఓవర్‌హాల్ నుంచి నిన్ననే వచ్చి మెరుస్తుంటే పక్కది తుప్పుతో ఊడిపోతుంటుంది. ఆ అతుకుల బొంత అందం మీకెందుకు? యూనిఫారం వేసుకున్న రేక్ వేరు.

బొగ్గు

అన్నిటికంటే సులువు ఆవాలు. వంటింట్లోనే ఉంటాయి, నల్లగానే ఉంటాయి. ఒక్కో ఆవగింజ బొమ్మ కొలతలో జానెడు ఉండదు గానీ, కాస్త అటూ ఇటూ. గనిలోంచి వచ్చే బొగ్గు పెళ్ళల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. మీ గనిలో అన్నీ గుండ్రంగా, ఒకే సైజులో వస్తాయి. సింగరేణి ఇంతవరకు సాధించనిది అది. నెల తిరిగేలోపు చీమలు వచ్చి కొంత లోడు దించుకుంటాయి, అప్పుడది నిజం పవర్ హౌసులా కూడా ఉంటుంది. ఆవాలు వద్దంటే ఇస్త్రీ బండి దగ్గర కట్టెబొగ్గు తెచ్చుకోండి. రాక్షసి బొగ్గుకు ఉండే మెరుపు దానికి ఉండదు, ముట్టుకుంటే వేళ్ళన్నీ మసి, అయినా బొగ్గు బొగ్గే.

చాదస్తుల పద్ధతి చెబుతాను, ఎంత పనికిమాలినదో చూడండి. నిజమైన రాక్షసి బొగ్గు పిడికెడు సంపాదించి పాతగుడ్డలో మూటకట్టి సుత్తితో కొడతారు. దాన్ని ముందు పిండి జల్లెడలో, తర్వాత టీ వడపోతలో జల్లించి, మధ్యరకం ఉంచుకుంటారు. థర్మోకోల్ ముక్కను వ్యాగన్ లోపలి కొలతకు కోసి, పైన చిన్న చిన్న దిబ్బల్లా గీకి, నలుపు రంగు వేస్తారు. దాని మీద బొగ్గు చల్లి, ఫెవికాల్‌లో సగం నీళ్ళు, ఒక చుక్క షాంపూ కలిపి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా వదులుతారు. షాంపూ లేకపోతే ఆ నీళ్ళు బొగ్గు మీద పూసల్లా నిలిచిపోతాయట, దిగవట. మర్నాటికి ఆరి రాయిలా అవుతుంది. థర్మోకోల్ అడుగున ముందే ఒక ఇనప వాషర్ దాచి ఉంచుతారు. పైనుంచి అయస్కాంతం చూపిస్తే లోడు మొత్తం ఊడి పైకి వస్తుంది, వ్యాగన్ ఖాళీ.

దిబ్బల మీద కూడా వాళ్ళకో శాస్త్రం. సైలో కింద నింపిన వ్యాగన్లో దిబ్బలు ఒక క్రమంలో ఉంటాయట. లోడర్ బకెట్‌తో పక్కనుంచి పోసినదాంట్లో ఎగుడుదిగుడుగా ఉంటాయట. ఇంకా ఒక అడుగు ముందుకేసి, దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే తెలియడానికి లోడు మీద సున్నపు నీళ్ళు చల్లేవారు కదా అని, టూత్‌బ్రష్ తెల్లరంగులో ముంచి వేలితో చిలకరిస్తారు. నల్లటి దిబ్బల మీద ఆ తెల్ల చారలు పడగానే బండి చూడటానికి, ఒప్పుకోవాల్సిందే, చాలా బాగుంటుంది. అందుకే వద్దంటున్నాను. ఒక్క వ్యాగన్ బాగుంటే మిగతా 57 వెలవెలబోతాయి.

బరువు, చక్రాలు

తేలికగా ఉంచండి. ఒక్కో వ్యాగన్ ఎంత బరువుండాలో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ లెక్క కట్టి పెట్టింది: హెచ్‌ఓ బండికి ఒక ఔన్సు, పైగా పొడవులో అంగుళానికి అర ఔన్సు. బాక్స్‌ఎన్‌కి అది దాదాపు 97 గ్రాములు. అడుగున నట్లూ బోల్టులూ అంటించి ఆ బరువు తెస్తారట. యాభై ఎనిమిదింటికీ కలిపి ఐదున్నర కిలోలు. ఇంజిన్‌కి ఊపిరాడదు. మీరు గాలికి ఎగిరేలా ఉంచండి. వంపు దగ్గర ముందున్న తేలిక వ్యాగన్లు వెనక బరువు లాగుడికి లోపలి వైపు పడిపోతాయి. మరమ్మతు రైలు కూడా ఒకటి కొనుక్కోవడానికి అదే సాకు.

చక్రాలు ప్లాస్టిక్కువే ఉంచండి. ఇనప చక్రాలకు మార్చుకోవడమే బడ్జెట్‌లో మొదటి ఖర్చు కావాలి, ప్లాస్టిక్ చక్రం దుమ్ము పట్టి పట్టా మీద నల్లటి జిగురు పరుస్తుంది, ఇంజిన్‌కి కరెంటు అందక కుదుపులతో ఆగుతుంది అంటారు. మన గూడ్సు బండి ఊరూరా ఆగదా ఏమిటి?

గుండ్రంగా తిప్పుతూ ఉండండి

బండి లోడుతో బయల్దేరాలి, చుట్టూ తిరగాలి, లోడుతోనే తిరిగి రావాలి. బొగ్గు ఎవరికీ అందకూడదు.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి హెచ్చరిస్తాను. రామగుండం ఎన్‌టీపీసీ పవర్ హౌసులో తొలి యూనిట్ 1983లో మొదలైంది. 2,600 మెగావాట్ల ఆ పవర్ హౌసుకి సింగరేణి గనుల నుంచి బొగ్గు మోసే సొంత లైను ఉంది, సొంత ఇంజిన్లు ఉన్నాయి. దాని పేరే మెర్రీ గో రౌండ్. బండి గని దగ్గర నింపుకుంటుంది, పవర్ హౌసు దగ్గర వ్యాగన్ అడుగు తలుపులు తెరిచి కింది గుంతలోకి వదిలేస్తుంది, మళ్ళీ గనికి పోతుంది. రోజంతా అదే బండి, అదే దారి. అక్కడ వాడేవి అడుగు తెరుచుకునే బీఓబీఆర్ హాపర్లు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద గుండ్రటి పట్టా ఉన్న మనిషికి ఇంతకంటే న్యాయమైన సాకు దొరకదు. ఒక చివర గని, ఒక చివర పవర్ హౌసు, మధ్యలో అయస్కాంతంతో లోడు ఎత్తే ఏర్పాటు, పది పన్నెండు వ్యాగన్ల ఒకే ఒక్క రేక్, ఒక డీజిల్ ఇంజిను. చేసే పనికి అర్థం, చూసేవాడికి కథ, జేబుకు భారం తక్కువ. ఈ ఆలోచన మీ బుర్రలో దూరితే పైన చెప్పిన సలహాలన్నీ వృథా. దయచేసి ఈ పేరా మర్చిపోండి.

స్టేషన్, పరిసరాలు

బోర్డు మీద భద్రాచలం రోడ్ అని రాయండి. రాశాక ప్లాట్‌ఫారం పక్కనే గోపురం పెట్టండి, ముందు గోదావరి, అందులో పడవ. పేరులో భద్రాచలం ఉంది కాబట్టి ఎవరూ కాదనలేరు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, గుడి దాదాపు 40 కిలోమీటర్ల అవతల, గోదావరి ఆవలి ఒడ్డున. హెచ్‌ఓ కొలతలో లెక్క కడితే గుడిని మీ ఇంటికి నాలుగు వందల అరవై మీటర్ల దూరంలో, అంటే రెండు మూడు వీధుల అవతల ఎవరి మేడ మీదో కట్టాలి. వాళ్ళు ఒప్పుకోరు.

పైన కరెంటు తీగలు వేయండి, కానీ ఆవిరి ఇంజిన్‌కే. ఎలక్ట్రిక్ ఇంజిన్ దారిలో వేయొద్దు, పాంటోగ్రాఫ్ తగులుకుంటుంది.

ఎవరైనా చూడటానికి వస్తే

మామూలు చుట్టాలతో చిక్కు లేదు. "చుక్ చుక్" అని పిల్లలకు చూపించి భోజనానికి లేస్తారు. భయపడాల్సింది ఒక్కరికే: కాజీపేటలో పనిచేసి రిటైరైన గార్డు గారికి. ఆయన ఇంజిన్ వైపు చూడడు. నేరుగా బండి తోక దగ్గరికి వెళ్తాడు. ఆఖరి డబ్బాకి, ఇదే ఆఖరిదని చెప్పే ఎల్వీ బోర్డు ఉందా, ఎర్ర దీపం ఉందా, బ్రేకు గొట్టం చివర ఎలా ఉంది అని వంగి చూస్తాడు. అప్పటికి మీరు ఖర్చు తగ్గించుకోవడానికి గార్డు డబ్బానే తీసేసి ఉంటారు కాబట్టి ఆయనకు వంగే పని ఉండదు. "గార్డు ఏడీ బాబూ?" అని అడుగుతాడు. "2022 నుంచి గార్డులు లేరండీ, ట్రైన్ మేనేజర్లు" అనండి. ఆయన ఆవిరి ఇంజిన్ వైపు ఒకసారి, వ్యాగన్ మీది నంబరు వైపు ఒకసారి చూసి, చొక్కా జేబులో కళ్ళజోడు కోసం తడుముకుంటాడు. అది కళ్ళకు ఎక్కేలోపు మెయిన్ కట్టేసి, కరెంటు పోయిందని చెప్పండి. పవర్ హౌసుకి బొగ్గు అందలేదట అంటే, ఆ మాట మాత్రం ఆయన నమ్ముతాడు.